ఒప్పంద సేద్యం: ధరతో పాటు తరుగూ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

2025లో తెలుగు రాష్ట్రాల్లో మూడు పంటలు పతాక శీర్షికలకెక్కాయి. నల్ల బర్లీ పొగాకు సాగుచేయించిన కంపెనీలు కొనుగోలు దగ్గర చేతులెత్తేస్తే చివరికి మార్క్‌ఫెడ్ దిగి కొనాల్సి వచ్చింది. చిత్తూరు తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయని ప్రకటించారు. ఫ్యాక్టరీలు ఇవ్వాల్సిన ఆ 8 రూపాయల కోసం రైతులు తర్వాత కూడా రోడ్డెక్కారు. ములుగు జిల్లాలో విత్తన మొక్కజొన్న వేసిన రైతులు పంట దెబ్బతిని, పరిహారం కోసం నెలల తరబడి తిరిగారు.

ఈ మూడింటిలోనూ పంట ఎవరికి పోవాలో ముందే తెలుసు. రేటు ఎంతో కూడా నోటిమాటగా వినబడింది. రైతు చేతిలో లేనిదల్లా కాగితం. కాగితం ఉన్న చోట కూడా క్వింటాకు ఇంత అన్న అంకె తప్ప అందులో మరేమీ కనబడదు. కొనేవాళ్లతో ముందే మాట కుదుర్చుకుని పంట వేసే ఈ ఒప్పంద సేద్యం మంచిదా చెడ్డదా అని మన పత్రికల్లో చర్చ చాలా జరిగింది. ఆ కాగితంలో ఏం రాయాలన్న చర్చ జరగలేదు. చిన్న రైతు నష్టపోతున్నది ఎక్కువగా అక్కడే కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

మొక్కజొన్న లెక్క చూద్దాం. 14 శాతం తేమ ఉంటే క్వింటాకు 2,400 రూపాయలని ఒప్పందం అనుకోండి. 2025-26 ఖరీఫ్‌లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర కూడా అంతే. రైతు తెచ్చిన గింజలో తేమ 18 శాతం ఉంది. అంటే 100 కిలోల్లో నీరు 18 కిలోలు, అసలు గింజ 82 కిలోలు. ఈ గింజను 14 శాతం దాకా ఆరబెడితే ఎంత తూగుతుంది? 82ను 0.86తో భాగిస్తే 95.35 కిలోలు. కాబట్టి న్యాయంగా పోవాల్సిన తరుగు 4.65 కిలోలే. కాటా దగ్గర ఈ లెక్క ఎవరూ కట్టరు. శాతానికి కిలోన్నర చొప్పున నాలుగు శాతాలకు ఆరు కిలోలు కొట్టేశారనుకుందాం. క్వింటాకు 1.35 కిలోలు, డబ్బులో 32 రూపాయలు ఎక్కువ పోయాయి. ఆపైన మట్టి, పొట్టు అని చెప్పి 50 కిలోల బస్తాకు కిలో తీస్తే మరో రెండు శాతం, 48 రూపాయలు. సొమ్ము మూడు నెలల తర్వాత ఇస్తే, ఆ మూడు నెలలూ నెలకు నూటికి రెండు రూపాయల లెక్కన రైతు అప్పుకు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అది ఆరు శాతం, 144 రూపాయలు. ఒప్పందంలో 2,400 చెక్కుచెదరలేదు. రైతుకు గిట్టింది 2,176.

ధర తగ్గించామని కంపెనీ ఎక్కడా ఒప్పుకోనక్కర్లేదు. రైతు ఫిర్యాదు చేద్దామన్నా ఏ షరతు ఉల్లంఘించారని చెప్పాలి? తరుగు గురించి షరతే లేదు కదా.

ఇదే లెక్క రెండో వైపూ నడవాలి. కంపెనీ లారీ పది రోజులు ఆలస్యంగా వచ్చింది, కళ్లంలో గింజ 12 శాతానికి ఎండిపోయింది. అప్పుడు రైతు తూచి ఇచ్చే ప్రతి 100 కిలోలనూ 102.33 కిలోలుగా లెక్కగట్టాలి. తేమ ఎక్కువైతే కోత పెట్టేవాళ్లు తక్కువైతే కలపడం న్యాయం. అందుకే ఒప్పందం వెనక పేజీలో చిన్న పట్టిక అచ్చు వేయాలి: తేమ 13 ఉంటే 101.16, 15 ఉంటే 98.84, 16కి 97.67, 17కి 96.51, 20కి 93.02 కిలోలు. ఇది ముందే చేసిపెట్టిన భాగహారం. కాటా దగ్గర వాదనకు చోటుండదు.

తేమ కొలిచే యంత్రం వాడటంలోనూ తేడాలు వస్తాయి. అప్పుడే ఎండలోంచి ఎత్తిన వేడి గింజ పోస్తే రీడింగ్ తప్పుతుంది, నీడలో చల్లారనివ్వాలి. యంత్రంలో పంట పేరు మార్చకుండా ముందు రోజు వరికి పెట్టిన అమరికతోనే మొక్కజొన్న కొలిచేస్తుంటారు. పైనున్న ఒక్క బస్తాలోంచి గుప్పెడు తీయడం ఇంకో తప్పు. కనీసం పది బస్తాల్లోంచి తలా కొంచెం తీసి కలిపి, మూడుసార్లు కొలిచి సగటు వేయాలి. కాటాకు తూనికలు కొలతల శాఖ ఆ ఏడాది ముద్ర ఉందో లేదో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఊళ్లో లారీకి ఎత్తేటప్పటి తూకమే ఆఖరి తూకమని రాసుకోవాలి. వంద కిలోమీటర్ల అవతల గోదాములో వేసిన తూకం రైతు చూడలేడు. దారిలో తగ్గినదానికి అతను బాధ్యుడు కాడు.

కొన్ని పంటల్లో తేమ కన్నా రోజు ముఖ్యం. ఎగుమతికి పోయే గెర్కిన్ దోసకు కిలోకు ఎన్ని కాయలు తూగుతాయన్నదాన్ని బట్టి గ్రేడు. కాయ ఎంత చిన్నదైతే రేటు అంత ఎక్కువ. రోజూ కోయాలి, రోజూ బండి రావాలి. ఒక్క రోజు బండి రాకపోతే తీగ మీద కాయ తెల్లారేసరికి లావెక్కి కింది గ్రేడులోకి జారుతుంది. కాబట్టి బండి రాని రోజున, ఆ ముందు వారం సగటు గ్రేడు రేటే చెల్లించాలన్న షరతు ఉండాలి. రవాణా షరతులా కనిపించినా ఇది అచ్చంగా ధర షరతే.

ఇక విత్తనోత్పత్తి. తెలంగాణలో అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్న ఒప్పంద రైతులు వీళ్లేనని నా అభిప్రాయం. నడిగడ్డలో (గద్వాల ప్రాంతం) సీడ్ పత్తి, కరీంనగర్ వైపు హైబ్రిడ్ వరి విత్తనం, ములుగు ఏజెన్సీలో సీడ్ మొక్కజొన్న, అన్నిచోట్లా మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. కంపెనీ అతనికి ఇన్ని ఎకరాలని లక్ష్యం ఇస్తుంది. రైతులను వెతికేది, మాతృ విత్తనం సంచులు పంచేది, ఎరువులకు అడ్వాన్సు ఇచ్చేది, పంట ఎత్తేది, డబ్బు పంచేది అతనే. రాతకోతలు ఏమైనా ఉంటే కంపెనీకీ ఆర్గనైజర్‌కీ మధ్య ఉంటాయి. రైతు దగ్గర మాత్రం సంతకం చేసిన ఖాళీ ప్రోనోటు తీసుకుంటారు. పంట పోయిన రోజున కంపెనీని అడిగితే ఆర్గనైజర్‌తో మాట్లాడుకోమంటుంది. ఆర్గనైజర్ కంపెనీ నుంచి తనకే రాలేదంటాడు. ఇది ఇన్నేళ్లుగా సాగనివ్వడం ఘోరం.

సీడ్ మొక్కజొన్న చేను ఎలా నడుస్తుందో తెలిస్తే నష్టం ఎవరి ఖాతాలో పడాలో తెలుస్తుంది. నాలుగు ఆడ వరసలకు రెండు మగ వరసలు వేశారనుకుందాం. ఆడ వరసల్లో మగపూత విచ్చుకోకముందే పీకేయాలి. రోజూ చేనంతా కలియదిరగాలి, నాలుగు రోజులు అశ్రద్ధ చేస్తే విత్తనం స్వచ్ఛత పోతుంది. పరాగం పడ్డాక మగ వరసలు కోసి పారేస్తారు. కాబట్టి ఎకరా చేనులో మూడింట రెండు వంతులే విత్తనం ఇస్తుంది. చుట్టూ 200 మీటర్లలో వేరే మొక్కజొన్న ఉండకూడదు, కనుక పక్క రైతు పంటను కూడా ఈ ఒప్పందం కట్టేస్తుంది. మగ పూత, ఆడ పీచు ఒకే సమయంలో రావాలని కంపెనీ మగ వరసలను రోజులు ఎడం పెట్టి విత్తమంటుంది. ఆ రోజులు లెక్క తప్పితే కంకి సగం బోడిగా, పళ్లూడిన చిగుళ్లలా వస్తుంది.

ఇందులో మగపూత పీకడం రైతు పని. అక్కడ తప్పు జరిగితే రైతే భరించాలి, అందులో వాదన లేదు. మాతృ విత్తనం ఎంపిక, విత్తే తేదీల మధ్య ఎడం, ఆ నేలకూ ఆ సీజనుకూ ఆ రకం సరిపోతుందా లేదా అన్న నిర్ణయం పూర్తిగా కంపెనీవి. ఆ సంచిలో ఏముందో రైతుకు తెలియదు, తెలుసుకునే హక్కు కూడా ఇవ్వరు. అలాంటప్పుడు పూతలు కలవక గింజ పట్టకపోతే ఆ నష్టం రైతు మీద వేయడం ఏ లెక్కనా కుదరదు. ఒప్పందంలో ఎకరాకు కనీస చెల్లింపు రాయాలి. అది ఎంత ఉండాలన్నదానికి సులువైన కొలత ఉంది. ఆ జిల్లాలో మామూలు మొక్కజొన్న సగటు దిగుబడిని మద్దతు ధరతో హెచ్చించండి. సీడ్ వేయకపోతే రైతుకు వచ్చి ఉండే ఆదాయం అది. అంతకన్నా తక్కువ రాకుండా చూడటం ఈ సాగు చేయించుకునేవాళ్ల కనీస బాధ్యత.

సీడ్ పత్తిలో కష్టం ఇంకోచోట ఉంది. సాయంత్రం ఆడ మొగ్గల్లో పుప్పొడి తొడుగు తీసి, మర్నాడు పొద్దున మగ పువ్వుతో క్రాసింగ్ చేయాలి. పువ్వు పువ్వుకూ మనిషి చెయ్యి పడాల్సిందే కాబట్టి కూలి ఖర్చు విపరీతం. ఇంతా చేసి విత్తనం అప్పగించాక అసలు పరీక్ష మొదలవుతుంది. మొలక పరీక్ష కొద్ది రోజుల్లో తేలుతుంది. స్వచ్ఛత తేల్చే జీవోటీ (గ్రో అవుట్ టెస్ట్)లో మాత్రం శాంపిల్ విత్తనాన్ని పొలంలో నాటి, మొక్కలు ఎదిగాక రకం తేడాలు లెక్కబెడతారు. ఫలితానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా సొమ్ము రాదు, అడ్వాన్సు మీద వడ్డీ ఆగదు. చివరికి ఫెయిలైందని ఒక్క మాట చెబుతారు. ఏ శాంపిల్, ఎక్కడ నాటారు, ఎన్ని మొక్కల్లో ఎన్ని వేరు రకం, ఏదీ చెప్పరు. ఫెయిలైన విత్తనాన్ని తిరిగి ఇచ్చేస్తారా అంటే దానికీ స్పష్టత ఉండదు.

దీనికి మందు 1966 విత్తన చట్టంలోనే ఉంది. దుకాణంలో విత్తన ఇన్‌స్పెక్టర్ శాంపిల్ తీస్తే మూడు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి అమ్మినవాడికి, ఒకటి పరీక్షకు, ఒకటి ఇన్‌స్పెక్టర్ దగ్గర. దుకాణదారుకు ఇచ్చిన ఈ రక్షణ విత్తనం పండించిన రైతుకు ఎందుకు లేదు? లాట్ ఎత్తే రోజున రైతు ఎదుట మూడు శాంపిళ్లు సీలు చేయాలి. ఒకటి రైతుకు, ఒకటి కంపెనీకి, ఒకటి మండల వ్యవసాయాధికారికి. ఫలితం మీద తగువు వస్తే మూడోదాన్ని వ్యవసాయ విశ్వవిద్యాలయం పరీక్షించాలి. జీవోటీ ఫలితం రాకముందే, అప్పగించిన 15 రోజుల్లో సొమ్ములో 70 శాతమైనా చెల్లించాలి. ఫెయిలైన లాట్‌ను మిల్లుకు అమ్మినప్పుడు వచ్చిన డబ్బు రైతుదే. ఇవి విత్తన కంపెనీలను ముంచే షరతులు కావు. నాణ్యత నిజంగా చూసే కంపెనీకి మూడో శాంపిల్ వల్ల పోయేదేమీ లేదు.

ఇప్పుడు ధర కట్టే పద్ధతి సంగతి. మిర్చి, పసుపు, టమాటా, ఉల్లి వంటి పంటలకు మద్దతు ధర లేదు. ధర పడిపోయాక మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రాన్ని అడగాలి. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిర్చికి అలాగే క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేశారు. అప్పటికే చాలా కాయ కళ్లాల్లో ఎండుతోంది, అవసరం ఉన్నవాళ్లు అమ్మేసుకున్నారు. ఇలాంటి పంటల్లోనే ముందస్తు ఒప్పందం చిన్న రైతుకు నిజంగా అక్కరకొస్తుంది. అయితే ఒకే స్థిర ధర రాసుకున్న ఒప్పందం నిలవదు. మార్కెట్ పైకి లేస్తే రైతు యార్డుకు పోతాడు, పడిపోతే కంపెనీ కాయలో తాలు ఎక్కువుందని, రంగు తగ్గిందని తిప్పి పంపుతుంది. రెండువైపులా మాట తప్పడానికి కారణం ఒకటే, ఒప్పంద ధరకూ మార్కెట్ ధరకూ మధ్య దూరం భరించలేనంత పెరగడం. ఈ దూరాన్ని ముందే లెక్కలో పెట్టుకునేలా ధర కట్టాలి.

లెక్క కోసం మిర్చికి అడుగు ధర క్వింటాకు 11,000 అనుకుందాం. మార్కెట్ అంతకన్నా కిందికి పోతే 11,000 ఇవ్వాలి. మార్కెట్ 15,000 ఉంటే పెరిగిన 4,000లో ముప్పాతిక, అంటే 3,000 రైతుకు కలపాలి. అతనికి 14,000 వస్తుంది. యార్డుకు పోతే 15,000 వస్తుంది కానీ అందులోంచి రవాణా, హమాలీ, కమీషన్, శాంపిల్ కాయ, రెండు రోజుల పడిగాపులు పోవాలి. మిగిలే తేడా చిన్నదైతే రైతు మాట మీద నిలబడతాడు. పెరిగినదాంట్లో పావు వంతే రైతుకు ఇస్తామంటే 12,000 వస్తుంది. మూడు వేల తేడా ఉన్నప్పుడు అప్పుల్లో ఉన్న మనిషిని నిలబడమనడం అత్యాశ.

అడుగు ధర ఎంత ఎక్కువుంటే రైతుకు అంత మేలని అనుకుంటాం. అలా కాదని చెప్పాల్సిన బాధ్యత రైతు నాయకుల మీద ఉంది. కొనేవాడు భరించలేనంత ఎత్తులో పెట్టిన అడుగు ధర కాగితానికే పరిమితం. అది అమలు కావాల్సిన ఏడాదే నాణ్యత పేరుతో తిరస్కరణలు ఎక్కువవుతాయి. విత్తనం, ఎరువు, మందులు, కూలి, కౌలు, వడ్డీ, ఈ చేతి ఖర్చులన్నీ తిరిగొచ్చేలా అడుగు ధర ఉంటే చాలు. లాభం పై భాగం పంపకంలో రావాలి. మొత్తం దిగుబడిని కూడా ఒక్కరికే రాసివ్వకూడదు. ఎకరాకు 20 క్వింటాళ్లు వస్తాయనుకుంటే 12 క్వింటాళ్లకు ఒప్పందం చేసుకుని, మిగతా 8 స్వేచ్ఛగా అమ్ముకోవాలి. వాన వల్లో తెగులు వల్లో దిగుబడి సగానికి పడినా అప్పుడు ఒప్పందం మరీ భారం కాదు.

మార్కెట్ ధర అంటే ఏ మార్కెట్, ఏ రోజు, ఏ రకం అన్నది కూడా రాయాలి. గుంటూరు యార్డులో తేజ రకం ధర, అప్పగించే తేదీకి ముందు 15 పని దినాల సగటు, అని రాస్తే ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. యార్డులో ఆ రోజు పలికిన గరిష్ఠ ధర కొద్ది బస్తాలకే దక్కి ఉండొచ్చు. కనిష్ఠ ధర చెడిపోయిన సరుకుది కావచ్చు. ఎక్కువ సరుకు అమ్ముడైన ధరను మార్కెట్ కమిటీలు విడిగా నమోదు చేస్తాయి. లెక్కకు దాన్నే తీసుకోవాలి. నిజామాబాద్ పసుపుకైతే కొమ్ము, గోళం వేర్వేరు ధరలు కాబట్టి రెండింటికీ వేర్వేరుగా రాసుకోవాలి.

కంపెనీ ఇచ్చే విత్తనం, మందులు, ఎరువుల ధరల జాబితా మొదటి రోజే రైతు చేతికి రావాలి. చివరి పట్టీలో ఒక్కసారిగా కనిపించే కోతలు ఈ జాబితా లేనందువల్లే.

ఆయిల్ పామ్ గురించి ఒక మాట. చట్టం అండతో నడిచే ఒప్పంద సాగుకు అది చెప్పుకోదగ్గ ఉదాహరణ. 1993లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ఆయిల్ పామ్ చట్టం ప్రకారం ప్రతి ఫ్యాక్టరీకీ ఒక జోన్ ఉంటుంది. ఆ జోన్ గెలలు ఆ ఫ్యాక్టరీకే పోవాలి, ఫ్యాక్టరీ కొనకుండా తప్పించుకోవడానికి లేదు. ధర ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2021లో వచ్చిన జాతీయ వంట నూనెల మిషన్ గెల ధరను ముడి పామాయిల్ ధరలో 14.3 శాతంగా లెక్కగట్టి, అంతర్జాతీయ ధర పడితే తేడా భర్తీ చేసే ఏర్పాటు పెట్టింది. ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదే. అయినా రెండు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి నలిగిన వివాదం నూనె రికవరీ శాతం, అంటే గెలల బరువులో ఎంత నూనె వస్తుందన్న లెక్క గురించే. ఒక్క శాతం తేడా అంటే టన్ను గెలలకు పది కిలోల నూనె. కోసిన గెల 24 గంటల్లో మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది కనుక రైతు మరో కొనుగోలుదారు కోసం ఆగలేడు. అంత బలంగా ఫ్యాక్టరీకి కట్టుబడ్డ రైతుకు ఆ శాతం ఎలా తేలిందో చూసే హక్కు ఉండాలి. మిల్లు రోజువారీ రికవరీ రిజిస్టరు రైతు ప్రతినిధుల సమక్షంలో తనిఖీ కావాలి.

చట్టాల సంగతికి వస్తే, 2020లో కేంద్రం తెచ్చిన ధర హామీ ఒప్పందాల చట్టం రైతుకు సివిల్ కోర్టు తలుపు మూసి, తగువులను సబ్ డివిజన్ స్థాయి అధికారికి అప్పగించింది. 2021 చివర్లో మిగతా రెండు సాగు చట్టాలతో పాటు దాన్నీ రద్దు చేశారు. రద్దు సరైనదే కావచ్చు. దాని స్థానంలో రైతుకు అనుకూలమైనది మన రాష్ట్రాలు ఏం తెచ్చాయన్నదే నా ప్రశ్న. కేంద్రం 2018లో రాష్ట్రాలకు నమూనా చట్టం పంపింది. ఒప్పందాల నమోదు, రాసుకున్న పరిమాణం మొత్తం కొని తీరాలన్న నియమం, రైతు భూమిపై కొనుగోలుదారుకు ఏ హక్కూ ఉండదన్న హామీ అందులో ఉన్నాయి. తమిళనాడు 2019లో ఆ దారిలో సొంత చట్టం చేసుకుంది. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోని అంశం. ఇక్కడ చేయడానికి అడ్డేమీ లేదు.

రైతులకు ఇప్పుడే ఉన్న ఒక హక్కు గురించి చాలామందికి తెలియదు. జాతీయ విత్తన సంస్థ కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు, విత్తనోత్పత్తి కోసం మూల విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని చెప్పింది. తెచ్చిన విత్తనమంతా విత్తేసిన రైతును పరీక్షకు శాంపిల్ తెమ్మనడం కుదరదని కూడా ఆ తీర్పులో ఉంది. తిరిగి కొంటామన్న ఒప్పందంతో సఫేద్ ముస్లి సాగు చేయించి కొనకుండా వదిలేసిన కేసులో 2020 మార్చిలో అదే కోర్టు మళ్లీ రైతు పక్షానే నిలిచింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. నష్టం జరిగిన రెండేళ్లలోపు వెయ్యాలి. కానీ అక్కడ కూడా అడిగేది కాగితమే. సంచి లేబుల్, లాట్ నంబరు, అడ్వాన్సు చీటీ, కాటా చీటీ, ఆర్గనైజర్ పంపిన వాట్సాప్ సందేశాలు, చేను ఫొటోలు తేదీలతో సహా దాచుకోవాలి. సంచి లేబుల్‌ను చించి పొలం గట్టున పారేయడంతోనే సగం కేసు పోతుంది.

రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలను కోరేది ఇది. తెలుగులో, నాలుగు పేజీలు మించకుండా నమూనా ఒప్పందం అచ్చు వేయించండి. అందులో తేమ పట్టిక, ఆఖరి తూకం స్థలం, సరుకు ఎత్తే గడువు, గడువు దాటితే రోజుకు ఇంత పరిహారం, సొమ్ము గడువు, దాటితే వడ్డీ, అడుగు ధర, పెరిగినదాని పంపకం, మూడు శాంపిళ్లు, కనీస చెల్లింపు ఉండాలి. ప్రతి ఒప్పందం మార్కెట్ కమిటీలో నమోదు కావాలి, మూడు ప్రతుల్లో ఒకటి రైతుది. ఆర్గనైజర్ చేసే ప్రతి పనికీ కంపెనీదే పూచీ అని చట్టంలో రాయాలి. నమోదు చేసిన పంట విలువలో కొంత భాగానికి కంపెనీ బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. తగువు వస్తే 30 రోజుల్లో తేల్చాలి. పంట మీద తగువు పంట చేలో ఉండగానే చూడాలి కాబట్టి, ఫిర్యాదు అందిన మూడు రోజుల్లో వ్యవసాయాధికారి చేను చూసి నివేదిక రాయడం తప్పనిసరి చేయాలి.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఇక్కడ చేయగలిగింది చాలా ఉంది. రెండెకరాల రైతు ఒక్కడే వెళ్లి షరతు మార్చమంటే వినేవాళ్లుండరు. రెండు వందల ఎకరాల పంట సంఘం పేరున ఉంటే వింటారు. సంఘానికి సొంత కాటా, సొంత తేమ యంత్రం ఉంటే పైన చెప్పిన తరుగు గొడవలో సగం అక్కడే తీరుతుంది. ప్రభుత్వ నిధులు ముందు వీటికే ఇవ్వాలి.

కౌలు రైతును మరిచిపోతే ఈ కసరత్తంతా వృథా. పాసుపుస్తకం అడిగితే ఒప్పందం భూయజమాని పేరున అవుతుంది, నష్టం కౌలుదారుకు మిగులుతుంది, పరిహారం వచ్చినా యజమాని ఖాతాలో పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సంతకం ఉండాలి, చాలామంది సంతకం పెట్టరు. ఒప్పందం పంట మీద కానీ భూమి మీద కాదు. సాగు చేస్తున్నది ఎవరో ప్రభుత్వ పంట నమోదైన ఈ-క్రాప్‌లో ఉంటే చాలు, ఒప్పందానికి ఆ పేరే సరిపోతుందని ఉత్తర్వు ఇవ్వాలి. తెలంగాణలో పంట నమోదు చేసే వ్యవసాయ విస్తరణాధికారి ధ్రువీకరణను అలాగే అంగీకరించాలి.

సీడ్ మొక్కజొన్నకు మాతృ విత్తనం యాసంగి మొదట్లో ఊళ్లకు చేరుతుంది. అప్పటికి నమూనా ఒప్పందం సిద్ధం కావాలి. సంచి రైతు ఇంటికి చేరిన రోజునే కంపెనీ సంతకంతో ఒప్పందం ప్రతి కూడా చేరాలి. ఖాళీ ప్రోనోటు మీద సంతకం తీసుకున్న ఆర్గనైజర్‌ను ఆ సీజనులో పంట ఎత్తనివ్వకూడదు.

ఇట్లు,
మీ పాఠకుడు